నీళ్ళ కర్ర

ఉగాది ఇంకా పది రోజులుందనగా మా ఇంట్లో కిటికీల గొడవ మొదలవుతుంది. ఇల్లు దులపడం, బొంతలు ఉతకడం, ఇత్తడి సామాను చింతపండుతో తోమడం, ఇవన్నీ ఏటా ఉన్నవే. వాటిని గురించి ఎవరూ ఏమీ అనరు. కిటికీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా వారు పేపరు అడ్డం పెట్టుకుంటారు, మా అత్తగారు జపమాల అందుకుంటారు. ఇక మిగిలేది నేనూ, పనిచేసే అమ్మాయీ, బకెట్టూ.

వెనకటి ఇంటికి ఈ బాధ లేదు. నంద్యాలలో మా మామగారు కట్టిన ఇంటికి చెక్క తలుపుల కిటికీలు, నిలువు ఊచలు. తడిగుడ్డతో ఒక్కో ఊచా తుడిస్తే పని అయిపోయేది. అద్దమన్నది ఆ ఇంట్లో ఒక్క బీరువాకే ఉండేది. పైన మేడ వేసినప్పుడు పిల్లలు పట్టుబట్టి ఏడు పెద్ద అద్దాల కిటికీలు పెట్టించారు. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక మా వీధిలో లేచిన కట్టడాలకు ముఖమంతా అద్దాలే కాబట్టి ఇప్పుడు మేమే పాతకాలం వాళ్ళమయ్యామనుకోండి, అది వేరే సంగతి. ఏడు కిటికీలూ లోపలినుంచి చూస్తే ముచ్చటే. వాటిని బయటినుంచి కడిగేదెవరు అన్న ప్రశ్న ఇంజనీరూ వేసుకోలేదు, మేమూ వేసుకోలేదు.

వేసుకోకపోయినా జవాబు తనంతట తనే వచ్చింది. పనిచేసే అమ్మాయి కొంగు బిగించి కిటికీలోంచి సజ్జ మీదికి దిగేది. ఒక చేత్తో ఊచ పట్టుకుని, ఇంకో చేత్తో రుద్దేది. నేను కింద నిలబడి చూసేదాన్ని.

నాలుగేళ్ళ కిందట, ఇట్లాగే ఉగాది ముందు, సబ్బునీళ్ళు పడిన సజ్జ మీద ఆ పిల్ల కాలు జారింది. నేలమీదికి పడలేదు. అంచు పట్టుకుని వేలాడి, పక్కనున్న జామచెట్టు ఆసరాతో దిగింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. వైద్యానికి గానీ జీతానికి గానీ లోటు చెయ్యలేదని నలుగురిలో చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. కానీ కాలు జారేముందు నేను కింద నిలబడి ఏమంటున్నానో నాకు తెలుసు. “ఆ పై మూల ఇంకా మురికుందే” అంటున్నాను. కట్టు కట్టించుకుని ఆటోలో వస్తూ, “నాదే తప్పమ్మా, సూసుకోలేదు” అంది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

రెండు ఉగాదులు కిటికీలు కడగలేదు. అద్దాలు మజ్జిగ చిలికిన కవ్వంలా తెల్లబడ్డాయి. ఎవరన్నా వస్తే తెరలు దించేవాళ్ళం.

అప్పుడు మా ఆడపడుచు కొడుకు ఇంగ్లండునుంచి ఫోనులో ఒక వింత చూపించాడు. వాళ్ళ వీధిలో ఒకాయన నేలమీదే నిలబడి, పొడుగాటి కర్ర ఎత్తి, రెండో అంతస్తు కిటికీలు కడుగుతున్నాడు. కర్ర కొసన బ్రష్షు, బ్రష్షులోంచి సన్నగా నీళ్ళు. నిచ్చెన లేదు, గుడ్డ లేదు, కడిగాక తుడవడమూ లేదు! ఎత్తులమీద చేసే పనికి అక్కడ 2005లో నిబంధనలు వచ్చాయట. కిందినుంచి చెయ్యగలిగిన పనికి మనిషిని పైకెక్కించకూడదన్నది వాటిలో మొదటి మాట. ఆ తరవాత ఈ కర్రలకు గిరాకీ పెరిగిందని చెప్పాడు. మొదటి మాట విన్నాక నేనింక రెండో మాట వినలేదు. కర్ర తెప్పించమన్నాను.

పద్దెనిమిది అడుగుల కర్ర వచ్చింది. మొదటి రోజు నేనే పట్టుకున్నాను. ఆ పిల్ల చేతికివ్వడానికి మనసొప్పలేదు. మేడమీద ట్యాంకు దగ్గర కొళాయికి పైపు తగిలించి, కొళాయి దగ్గర మా వారిని నిలబెట్టాను. ఆ ఏర్పాటులోనే తప్పుంది గానీ అప్పటికి తోచలేదు. కర్ర నా చేతిలో, నీళ్ళు ఆయన చేతిలో. “తిప్పండి!” అంటే తిప్పారు. నీళ్ళు బ్రష్షులోంచి కాదు, బ్రష్షు చుట్టూ, కర్ర వెంబడి, నా మోచేతిలోంచి రవికెలోకి దిగాయి. “ఆపండి!” అని అరిస్తే ఆయనకు “తిప్పండి” అని వినిపించింది. ఇంకా తిప్పారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా మాట ఇంత చురుగ్గా ఆయన ఎన్నడూ పాటించలేదు.

నేను తత్తరపడి కర్ర పక్కకు వాల్చాను. పక్క డాబామీద పిన్నిగారు గుమ్మడికాయ వడియాలు పెట్టుకున్నారు. “నీ కిటికీ తెల్లగయితాదో లేదో గానీ, నా వడియాలు మళ్ళీ పిండయితాండాయి తల్లీ!” అని ఆమె కేక. లోపలికి పరుగెత్తి చూస్తే కిటికీ సందులోంచి కారిన నీళ్ళు బల్లమీద నా రాతప్రతి మీద పడ్డాయి. నాయిక కన్నీరుమున్నీరవుతున్న ప్రకరణం. సిరా చూస్తే నిజంగానే అయింది.

మర్నాడు ప్లంబరు చూసి నవ్వాడు. “నీళ్ళ తాళం పట్టుకున్నోళ్ళ కాడ ఉండాల గానీ మేడమీద ఎందుకమ్మా?” అన్నాడు. కర్ర అడుగున, బొటనవేలికి అందేచోట, చిన్న బాల్ వాల్వు బిగించాడు. అడ్డం తిప్పితే ఆగుతాయి, నిలువు తిప్పితే వస్తాయి, మధ్యలో పెడితే మధ్యస్థం. ఇంతే! ఇందులోనూ ఒక కిటుకు ఉంది. ఇక్కడ చటుక్కున కట్టేస్తే ఒత్తిడంతా వెనక్కి తన్ని అక్కడ కొళాయి దగ్గర పైపు ఊడిపోతుంది. అందుకని ఆ మొదట్లో ఇనప క్లిప్పు బిగించాలి, పైన కొళాయి సగమే తిప్పాలి. ఇంకొకటి, కట్టినా కర్రలో ఉన్న నీళ్ళు ఇంకాసేపు కారుతాయి. కాబట్టి చాలు అనుకోవడానికి రెండు క్షణాల ముందే కట్టాలి.

చేసిన కొద్దీ తెలిసింది, నీళ్ళు ఎక్కువైతే శుభ్రం ఎక్కువ కాదు. మురికి వదిలించేది బ్రష్షు, మోసుకుపోయేది నీళ్ళు. రుద్దేటప్పుడు సన్నధార చాలు. ముందు పై చట్రం కడగాలి, ఎందుకంటే దుమ్మంతా అక్కడే కూర్చుని ఉంటుంది. అద్దం ముందు కడిగి చట్రం తరవాత కడిగితే ఆ బురద మళ్ళీ అద్దమ్మీదికే. ఆఖరున బ్రష్షును అద్దానికి ఆనీ ఆనకుండా ఎత్తిపట్టి, పైనుంచి నెమ్మదిగా దించుతూ జాలించాలి. కొన్ని అద్దాలమీద నీళ్ళు పైటలా పరుచుకుని జారతాయి. కొన్నిటి మీద ముత్యాల్లా విడివిడిగా నిలబడి కదలవు. వాటికి ఇంకో వరస తప్పదు.

ఇన్ని నేర్చుకుని ఏడు కిటికీలూ కడిగి, కాఫీ తాగుతూ గర్వంగా చూస్తే, ఎండ తగిలాక అద్దాలనిండా తెల్లచుక్కలు! అమ్మవారు పోసినట్టు.

మా బోరునీళ్ళు అవి. మనది సున్నపురాతి దేశం కదా. బేతంచెర్ల బండలు, బనగానపల్లె పలకలు, మన ఇళ్ళలో కాళ్ళకింద చల్లగా ఉండే ఆ రాళ్ళమధ్య నానిన నీళ్ళే బోర్లలోంచి వచ్చేవి. నీరు ఆవిరైపోతుంది, కరిగి ఉన్న సున్నం అద్దాన్ని అంటుకుని ఉండిపోతుంది. కాళ్ళకింద ఉంటే బండ, అద్దమ్మీద ఉంటే మరక. మేనల్లుణ్ణి అడిగితే, అక్కడ వాళ్ళు నీళ్ళలో కరిగిన లవణాలన్నీ వడకట్టి తీసేసి ఆ నీళ్ళతోనే కడుగుతారని అప్పుడు చెప్పాడు. అందుకే తుడవక్కరలేదట. ఇదే నేను వినిపించుకోని రెండో మాట. కలంలాంటి మీటరు తెప్పించి బోరునీళ్ళలో ముంచితే లీటరుకు పన్నెండు వందల మిల్లీగ్రాములు చూపింది. తాగేనీళ్ళకు అయిదు వందలు దాటకపోతే మంచిదని, వేరే దిక్కులేకపోతే రెండువేలదాకా సరేనని మన దేశపు ప్రమాణం. క్యానునీళ్ళలో ముంచితే అరవై.

అయితే క్యానునీళ్ళతో కడుగుదామన్నాను. ఆ పిల్ల క్యాను మూత తియ్యబోతూ ఆగింది. “తాగే నీళ్ళతో కిటికీలు కడుగుతామామ్మా?” అంది. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. వాళ్ళింట్లో అయిదుగురు. వాళ్ళూ ఆ క్యానే కొంటారు, రెండు రోజులు వచ్చేట్టు వాడుకుంటారు. ఇంగ్లండులో ఆయన నిమిషానికి లీటరున్నరో, రెండు లీటర్లో వదులుతాడట. ఆ లెక్కన మా ఏడు కిటికీలకూ వాళ్ళింటి వారం నీళ్ళు పోతాయి. మూత అట్లాగే పెట్టించాను.

తరవాతి వారం మా అమ్మను చూడ్డానికి ఆళ్ళగడ్డ పోయాను. మా పుట్టిల్లు అక్కడ. బస్టాండునుంచి ఇంటికి పోయే దారిలో శిల్పుల కొట్టాలు. సగం చెక్కిన దేవుళ్ళు ఎండలో నిలబడి ఉంటారు. చిన్నప్పుడు ఆ దారినంతా ఉలిచప్పుడు ఉండేది, ఇప్పుడు దానితో పాటు మిషను రంపం రొద. ఆ రోజు ఒక పెద్దాయన నంది మెడకింద కోస్తుంటే, పక్కన కుర్రాడు మూతకు బెజ్జం పెట్టిన ప్లాస్టిక్ సీసాతో బ్లేడు మీద నీళ్ళు వదులుతున్నాడు. మామూలుగా అయితే చూసి పోయేదాన్నే. కిటికీల పిచ్చిలో ఉన్నాను కదా, నిలబడి అడిగాను, ఎంత పొయ్యాలో ఎట్లా తెలుస్తుందని.

“నీళ్ళు తక్కవైతే దుమ్ము లేస్తాది, బిళ్ళ కాలుతాది. ఎక్కవైతే బురద కమ్మి నేను గీసుకున్న గీత కనపడదు” అన్నాడాయన. మధ్యలో ఆగి చాలాసేపు దగ్గాడు. ఈ నీళ్ళు పోసే పద్ధతి తనకు లేటుగా తెలిసిందనీ, మనవడికి మాత్రం మొదటినుంచీ అదే నేర్పుతున్నాననీ అన్నాడు. కుర్రాడి కళ్ళు రాయిమీద లేవు, తాత గీసిన గీతమీదే ఉన్నాయి. గీత చెరిగేలోపల సీసా ఎత్తేస్తున్నాడు.

ఇంటికిపోయి మా తమ్ముడికి ఈ కథంతా చెప్పాను. వాడిది సేద్యం. నవ్వి, “అక్కా, నువ్వు కిటికీలకు కాలువ పారిస్తాండావు. మందు కొట్టే లెక్కన సూడు. ఆకు తడవాల గానీ నేల తడవగూడదు. మందు కారిందంటే దుడ్లు కారినట్టే” అన్నాడు. కొత్తగా కొన్న బ్యాటరీ స్ప్రేయరు, ఇంకా మందు వాసన తగలనిది, నా చేతికిచ్చాడు. వీపుకు తగిలించుకునేది. పదహారు లీటర్ల ట్యాంకు, పక్కన ధార తగ్గించే మర. ఆ రాత్రి తమ్ముడూ నేనూ లెక్కలు వేశాం. కేసీ కాలువ తవ్విన ఇంగ్లీషు కంపెనీవాళ్ళు కూడా ఇన్ని లెక్కలు వేసి ఉండరు. వేసి ఉంటే 1882లో కాలువను సర్కారుకు అమ్ముకోవలసిన గతి పట్టేది కాదేమో!

ఇప్పుడు మా పద్ధతి ఇది. ఎండ రాకముందు, నీడలో, బోరునీళ్ళతోనే చట్రమూ అద్దమూ రుద్ది కడగడం. అది ఆరేలోపల స్ప్రేయరు గొట్టాన్ని కర్రకు తగిలించి, క్యానునీళ్ళతో ఒక్క ఆఖరి వరస జాలించడం. ఏడు కిటికీలకూ కలిపి పది నిమిషాలు దాటకూడదు. దాటితే ట్యాంకు ఖాళీ.

నేను చేస్తే నాలుగో కిటికీకే ఖాళీ అయ్యేది. ఆ పిల్ల చూసి చూసి, “ఇట్లీండమ్మా” అని కర్ర తీసుకుంది. నీళ్ళు నిండిన కర్ర బరువు. విరిగిన చెయ్యి అని నేను వద్దన్నాను. తను ఎడంచెయ్యి పైన వేసి బరువు దానిమీదికి తెచ్చుకుంది. కుడిచెయ్యి కిందికి, వాల్వు మీదికి. బ్రష్షు పైకి పోయేటప్పుడు కట్టేస్తుంది, కిందికి దించేటప్పుడే వదులుతుంది. సగం నీళ్ళు అక్కడే మిగిలాయి. నాకు తోచని ఉపాయం.

మొన్న ఉగాదికి కడుగుతుంటే నేను అలవాటు కొద్దీ, “ఆ పై మూల...” అన్నాను. నోరు కరుచుకున్నాను. తను కర్ర దించకుండానే, “కనపడుతోందమ్మా. మీరు లోపలికి పోయి, లోపలివైపు తుడవరాదూ?” అంది.

పోయి తుడిచాను. అద్దానికి ఇవతల నేను, అవతల కిందెక్కడో నేలమీద తను. కర్ర కొసన బ్రష్షు నా ముఖం మీదుగా జారి, సరిగ్గా చట్రం దగ్గర నీళ్ళు ఆగిపోయాయి. ఏడోది అయ్యాక కిందికి వెళితే, ఇరవై లీటర్ల క్యానులో ట్యాంకుకు పోయగా మిగిలిన నాలుగు లీటర్లూ తన సీసాల్లోకి వంచుకుంటోంది. ట్యాంకు ఊపి చూపించి, “ఇందులో కూడా ఇంగ మూడు లీటర్లున్నాయి, తులసికోటలో పోస్తా” అంది.