తాతయ్యా, అది నన్నే చూస్తోంది

రేట్లు, మేత పక్కన పెట్టి ఈరోజు చేప తలకాయ గురించి రాస్తున్నాను. నవ్వకండి.

అమెరికా నుంచి మా అమ్మాయి వాళ్లు వచ్చారు. మనవరాలికి ఏడేళ్లు. పొద్దున్నే చెరువు గట్టుకి తీసుకెళ్తే, మేతకి పైకొచ్చిన బొచ్చెల్ని చూసి గంతులే గంతులు. మధ్యాహ్నం మా ఇంటావిడ ఆ చెరువులోదే మూడు కిలోల బొచ్చె పులుసు పెట్టింది. ముచ్చటపడి తలకాయ ముక్క చిన్నదాని కంచంలో వేశాను. మన ఇళ్లలో తలకాయ ఎవరికి వేస్తారో మీకు తెలుసు కదా. మా నాన్న ఉన్నన్నాళ్లూ అది ఆయన కంచంలోకే. అమ్మకి తోక ముక్క. తనకి తోకే ఇష్టం అనేది. నిజమో కాదో నేనెప్పుడూ అడగలేదు.

చిన్నది చెయ్యి వెనక్కి లాక్కుంది. "తాతయ్యా, అది నన్నే చూస్తోంది" అని ఒకటే ఏడుపు.

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. పిల్ల మీద కాదు, మా అమ్మాయి మీద. "చేపల రైతు మనవరాలిని ఇలాగేనా పెంచేది?" అన్నాను. "అక్కడ మామూలు షాపుల్లో చేపంటే ఎక్కువగా ముల్లు తీసిన ముక్కే నాన్నా. తలతో కావాలంటే చైనా వాళ్ల కొట్టుకో, వియత్నాం వాళ్ల కొట్టుకో వెళ్లాలి" అంది. గొర్రె, మేక ఊపిరితిత్తులైతే తినడానికి అమ్మకూడదని 1971 నుంచీ అక్కడ రూలే ఉందట. మనమా, తలకాయ, కాళ్లు, బోటి, నల్ల ఏదీ వదలం.

ఒకసారి లోడుతో పాటు హౌరా వెళ్లాను. అక్కడ కొనేవాడు ముందు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు, తర్వాత కన్ను చూస్తాడు. తల లేకపోతే సరుకు తాజాదని నమ్మేదెలా? బెంగాలీలు ఆ తలని వేయించి పెసరపప్పులో వేస్తారు, బియ్యంతోనూ వండుతారు. పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురింటికి పెద్ద శీలావతిని పెళ్లికూతురిలా ముస్తాబు చేసి పంపుతారు. తల తీసి పంపితే ఇంకేమైనా ఉందా!

మన వనామీ కథా అంతే. చైనా వాళ్లు తలతో అడుగుతారు. అమెరికా వెళ్లేదానికి తల తీసెయ్యాలి, చాలావరకు తొక్క కూడా. బరువులో మూడో వంతు దాకా తలే. మనం మేత పెట్టి పెంచిందే కదా అదీ.

ఇవన్నీ భోజనాల దగ్గర గట్టిగానే వాదించాను. రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మవారి జాతరకి మా పొట్టేలుని కోశారు. రోజూ నేను గడ్డి పెట్టిన పొట్టేలు. ఆరోజు ముద్ద దిగలేదు. అందరిముందూ నాన్న చేత దెబ్బ తిన్నాను. అప్పటికి నాకు అమెరికా ఎక్కడుందో కూడా తెలీదు.

అంటే తప్పు అక్కడి షాపులదా, పొద్దున్నే గట్టు మీద ఆ చేపల్ని చూపించిన నాదా?

మర్నాడు రొయ్యల వేపుడు చేయించాను. చిన్నది రెండుసార్లు వేయించుకుంది. వలిచిన తలకాయలు పెరట్లో పిల్లి ముందు ఉన్నాయి. తినడం అయ్యేదాకా నేను పెరటి తలుపు తియ్యనివ్వలేదు.