చైతుర్‌గఢ్ ఎక్కొద్దాం రండి

జనవరి వచ్చిందంటే మా సెక్టర్ 6లో చీకటి పడ్డాక అరుగుల మీద ఎవరూ కనిపించరు. అందరూ కుంపట్ల చుట్టూ చేరతారు. మీరూ కాస్త ముందుకు జరిగి కూర్చోండి. సంక్రాంతికి ఊరెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన అరిసెలున్నాయి, తింటూ వినండి. ఇవాళ మీకో కొండకోట కబురు చెప్పాలి.

భిలాయిలో మన తెలుగువాళ్ల దగ్గర కోటల మాటెత్తితే వచ్చే జవాబు ఒకటే. మా వీధి పిన్నిగారూ అదే అన్నారు. "ఇక్కడేటుందమ్మా సూడ్డానికి? కోటలంటే మన బొబ్బిలి, గోలకొండ. పేంటు కట్టకముందు ఇక్కడ అడివి తప్ప ఏటున్నాది?" పిన్నిగారంటే నాకెంతో గౌరవం. ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరిలో. రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. మన కాలనీ కథ అక్కణ్ణుంచి మొదలైంది నిజమే. ఈ నేల కథ మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మొదలైంది.

కలచురి రాజులు ఈ దేశాన్ని గఢ్‌లుగా పంచుకుని ఏలారు. శివనాథ్ నదికి ఉత్తరాన 18, అవి రత్నపురం కింద. దక్షిణాన 18, అవి రాయపురం, అంటే ఇప్పటి రాయపూర్ కింద. రెండూ కలిపితే 36. రాయపురం జాబితాలో మన పక్కనున్న దుర్గ్ ఉంది, పాటన్ ఉంది. ఒక్కో గఢ్ కింద 84 పల్లెలు ఉండాలన్నది లెక్క. దుర్గ్‌లో ఉన్నది మట్టికోట. 1741లో భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ ఈ దేశం మీదికి వచ్చినప్పుడు మరాఠాలు ఆ మట్టికోటనే తమ విడిదిగా చేసుకున్నారు. రోజూ బజారుకీ స్టేషనుకీ మనం వెళ్లొచ్చే ఊరి సంగతే ఇదంతా.

మైదానంలో మట్టికోటలు సరే, కొండకోట చూడాలంటే ఉత్తరపు జాబితాలోని లాఫాకి వెళ్లాలి. అదే చైతుర్‌గఢ్. తెల్లవారుజామునే బయల్దేరి రాయపూర్, బిలాస్‌పూర్ దాటండి. అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లు వెళితే రతన్‌పూర్, అదే ఆనాటి రత్నపురం. అక్కడ మహామాయ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, పాలీలో ఆగి పాత శివాలయం చూడండి. కలచురి రాజు మొదటి జాజల్లదేవుడు దాన్ని బాగుచేయించి తన పేరు చెక్కించాడు. పాలీ నుంచి ఉత్తరంగా మరో పాతిక కిలోమీటర్లు అడవిదారి. చివర్లో నడక తప్పదు.

ఎత్తు 3,060 అడుగులు. పైకి వెళ్లాక మీరు గోడల కోసం వెతుకుతారు. చాలా చోట్ల గోడే ఉండదు, నిటారుగా తెగిన కొండ అంచే ప్రాకారం. ఎక్కడ మనిషి ఎక్కిరాగలడో అక్కడ మాత్రమే రాళ్లు పేర్చి గోడ కట్టారు. దారులున్న చోట మూడు వాకిళ్లు పెట్టారు: మేనక, హుంకార, సింహద్వారం. కట్టినవాడెవరో గానీ కొండను అడుగడుగూ నడిచి చూసి ఉండాలి. దేవుడిచ్చిన గోడను వాడుకుని, లేని చోట మాత్రమే చెమటోడ్చాడు. ఈ కోట పృథ్వీదేవుడు కట్టించిందని చెబుతారు. మొదటి పృథ్వీదేవుడి ఆమోదా రాగిరేకుల మీద ఉన్న తేదీ లెక్క కడితే 1079 అవుతుంది. మన వైపు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేర భువనగిరి కోట లేచిన కాలమూ ఇంచుమించు అదే.

గోడకంటే నేను ఎక్కువసేపు నిలబడి చూసింది నీళ్లని. కొండమీద దాదాపు ఐదు చదరపు కిలోమీటర్ల చదును ఉంది. అందులో ఐదు చెరువులు. వాటిలో మూడింటిలో ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. కొండకోటకు ప్రాణం అదే. ముట్టడి పడ్డప్పుడు తిండిగింజలు కొట్లలో దాచుకోవచ్చు, నీళ్లు అలా దాచలేరు. మన కొండవీడులోనూ కొండమీద చెరువులు తవ్వుకున్నది అందుకే. కత్తి పట్టినవాడి పేరు శాసనాల్లోకి ఎక్కుతుంది. చెరువు తవ్వి, పూడిక తీసి, గట్టు కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్లు లేకపోతే ఆ కొండమీద కోటే లేదు.

చెరువుల దగ్గర్లోనే మహిషాసురమర్దిని గుడి. అమ్మవారికి పన్నెండు చేతులు. నవరాత్రుల్లో ఆ అడవంతా జనంతో నిండిపోతుంది. రాజులు పోయి ఎంతకాలమైనా, చుట్టుపక్కల పల్లెలవాళ్లు అమ్మవారిని వదల్లేదు. ఆ దారి మూసుకుపోకుండా నిలిచింది వాళ్ల పాదాల వల్లే.

ఇప్పుడు మన సంగతికొద్దాం. పాలీ గుడి బాగుచేయించాడని చెప్పానే, ఆ జాజల్లదేవుడి రాతిశాసనం ఒకటి రత్నపురంలో దొరికింది. అది 1114 నాటిది. తనకు ఏటేటా కప్పం కట్టే మండలాల పేర్లు అందులో వరసగా చెప్పించాడు. ఆ వరసలో ఆంధ్ర ఉంది, ఖిమిడి ఉంది. ఖిమిడి అంటే మన శ్రీకాకుళం సరిహద్దునున్న పర్లాకిమిడి సీమ! ఆ తర్వాత వచ్చిన అతని కొడుకు రెండో రత్నదేవుడు, కళింగరాజు అనంతవర్మ చోడగంగుణ్ణి ఓడించాడని వంశ శాసనాలు గర్వంగా చెబుతాయి. ఆ గంగరాజుల పాత రాజధాని కళింగనగరం, వంశధార ఒడ్డున ఉన్న మన ముఖలింగమే.

ఒక్కసారి ఆలోచించండి. మన వీధుల్లో సగం ఇళ్లవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి, ఎవరూ తెలియని చోటికి వచ్చామని మన పెద్దలు అనుకున్నారు. ఆ ఊళ్లకీ ఈ ఊళ్లకీ మధ్య రాకపోకలూ, కప్పాలూ, యుద్ధాలూ తొమ్మిది వందల ఏళ్ల కిందటే నడిచాయి. ఈ నేలకు మనం కొత్తవాళ్లమే కావచ్చు, మన సీమ పేరు మాత్రం ఇక్కడి రాతికి పాతదే. పిన్నిగారికి ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనవల్ని తీసుకెళ్లు, నేనూ వస్తాను" అన్నారు.

ఇంత గట్టి కోట ఉన్నా కలచురుల రాజ్యం ఎలా పోయిందని మీరు అడగొచ్చు. 1741లో భాస్కర్ పంత్ సైన్యం రత్నపురం ముందు నిలిచినప్పుడు గద్దెమీద ఉన్నవాడు రఘునాథ్ సింగ్, ముసలివాడు. పెద్దగా పోరాటమే లేకుండా రాజధాని లొంగిపోయింది. నిలబడి కాచుకునే మనుషులు లేకపోతే ఎంత ఎత్తు కొండైనా కాపాడలేదు.

ఇప్పుడు ఆ కోటను కాచుకోవలసినవాళ్లం మనమే. అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కాపలా శాఖదైనా గోడల మీద పేర్లు గీకకుండా ఉండాల్సింది, చెరువుల్లో ప్లాస్టిక్ సంచులు పడేయకుండా ఉండాల్సింది మనం. వెళ్లేవాళ్లు చలికాలం పోకముందే వెళ్లండి. తాగే నీళ్లు, పులిహోర పొట్లాలు, గట్టి చెప్పులు మరిచిపోకండి. కట్‌ఘోరా అడవుల్లో ఏనుగులు తిరుగుతుంటాయి, పొద్దు వాలకముందే దిగిరండి.

సెలవులకు ఏటా ఊరెళ్తాం, మొక్కు ఉంటే డోంగర్‌గఢ్ మెట్లెక్కుతాం. ఈసారి ఒక్క రోజు చైతుర్‌గఢ్‌కి ఇవ్వండి. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ నేల చరిత్ర మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?