పూవునకు ముందు పని

క్రొత్తచీర మడత విప్పగనే మన చూపు పూవుపై నిలుచును. ఆ పూవునకు ముందు ఎంత పని జరుగునో వస్త్రకళా విద్యార్థినినై నేను స్వయముగా తెలిసికొంటిని.

మొదట శ్రీకాళహస్తిలో కలంకారి నభ్యసించితిని. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నూలుగుడ్డను తడిపి యెండబెట్టవలెను. పాలలోని జిడ్డు గీతను చెదరనీయదు. ఇనుపతుప్పును బెల్లపునీటిలో ఊరవేసిన కసిమిని వెదురుకలముతో గీయగనే, కరక్కాయతో కలిసి గీత నల్లబడును. పటికనీరు పూసినచోటనే యెఱుపు నిలుచును.

తరువాత పోచంపల్లి కేగితిని. అచట గుడ్డ పుట్టకమునుపే బొమ్మ పుట్టును. లెక్క ప్రకారము పోగులను బిగించి కట్టి రంగులో ముంచెదరు, కట్టినచోట రంగంటదు. అంతకుముందు ఆసు పోయవలెను. మేకుల చుట్టు పేకనూలును చీరకు వేలసార్లు చేతితో త్రిప్పుటయే ఆసు. తరతరములుగా ఇది స్త్రీల పని. యంత్రము లేని యొక యింట నేనొకపూట ఆసు పోసితిని. సాయంకాలమునకు భుజ మెత్తలేకపోతిని. నాకు నేర్పిన తల్లి మాత్రము మఱునాటి చీరకు నూలు సిద్ధపఱచుచుండెను!

చింతకింది మల్లేశముగారు తమ తల్లి పడిన యీ బాధ చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దాని కామె పేరే, లక్ష్మి యని, పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

బేరమాడుటకు ముందు చీరను తిరుగవేసి చూడుడు. బొమ్మ రెండువైపుల నొకేతీరుగ నున్నచో సాధారణముగా నది పోగులలో పుట్టినది. ఒకవైపే స్పష్టమైనచో అచ్చువేసినది. మొదటిదానికి వెల హెచ్చేల యని యడుగకుడు. ఆ హెచ్చు ఒక యింటివారి కూలి.