కొత్తల పండుగ నేర్పిన ఆగమనం

హైదరాబాదు పాతబస్తీలో ఉంటున్న ఆదివాసీ కతోలికులం మేము. ఇక్కడి వీధుల్లో క్రిస్మస్ నక్షత్రాలు తక్కువే. ఆదివారం నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా గన్‌ఫౌండ్రీలోని పునీత యోసేపు కతీడ్రల్‌కు పోతాం. 

ఏటా నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వచ్చే ఆదివారం ఆగమన కాలం మొదలవుతుంది. గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. ఆదివారం పూజలో మహిమ గీతం పాడరు. అల్లెలూయ మాత్రం ఆగదు. అంటే ఇది దుఃఖించే కాలం కాదు, ఎదురుచూసే కాలం. వారానికొక కొవ్వొత్తి చొప్పున నాలుగు వారాలు వెలిగిస్తాం.

"పండుగ ఒక్కరోజేగా, నాలుగు వారాలు ఎందుకు?" అని మా పిల్లలు అడుగుతారు.

జవాబు మన ఊళ్లలోనే ఉంది. మా కోయ గూడేల్లో పంట చేతికొచ్చినా కొత్తల పండుగ చేసేదాకా కొత్తది నోట పెట్టరు. ఆకలి లేక కాదు. ముందు వేల్పులకు, పెద్దలకు పెట్టాలి, తర్వాత ఊరంతా కలిసి తినాలి. ముందు పండినవాళ్లు వెనక పండేవాళ్ల కోసం ఆగుతారు. పాతబస్తీలో మా ఇరుగుపొరుగూ అంతే. రంజాన్‌లో మగ్రిబ్ అజాన్ వినపడేదాకా ఖర్జూరం ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఈ మూడూ ఒకటే అనడం లేదు. ఆగడం మనకు కొత్త కాదంటున్నాం.

మరి ఆగుతూ ఏం చేయాలి? డిసెంబరు 17 నుంచి పూజలో యేసు పుట్టుకకు ముందు జరిగిన సంగతులు చదువుతారు. వాటిలో ఒకటి మరియమ్మ ప్రయాణం. కడుపులో బిడ్డతో ఆమె కొండసీమకు త్వరపడి పోయింది, ముసలితనంలో గర్భవతైన ఎలిజబెతమ్మ దగ్గర సుమారు మూడు నెలలు ఉంది. ఆమె ఎదురుచూపు ఇంట్లో కూర్చుని చేసింది కాదు.

మన కొండల్లోనూ మన కోసం చూసేవాళ్లు ఉన్నారు. పట్నంలో గది తీసుకుని చదివే మన పిల్లలు కొందరు పండుగ బట్టలకు అప్పు చేస్తారు, ఇంటికి మాత్రం ఫోన్ చేయరు. అందుకే ఈ నాలుగు వారాలకు మేము మూడు పనులు పెట్టుకున్నాం. పాపసంకీర్తనం చేయడం. మాటలు మానేసినవాళ్లను మనమే ముందు పలకరించడం. బట్టల డబ్బులో కొంత తీసి, ఊరికి పోయి, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవడం.

నాలుగో కొవ్వొత్తి వెలిగేలోపు ఆ బస్సు ఎక్కాలి.