అరిచే బ్రేకు

సైకిలు కిర్రుమంటే ఓ చుక్క నూనె వేయాలి. మా తరానికి తెలిసిన సైకిలు వైద్యం అదొక్కటే. గొలుసుకైనా, పెడలుకైనా, ఇరుసుకైనా ఒకటే మందు. ఇప్పటి డిస్కు బ్రేకుల దగ్గరికొచ్చేసరికి ఆ మందే విషమవుతోంది.

మా అమ్మాయిది తొమ్మిదో తరగతి. విశాఖలో మేముండేది సిరిపురం వైపు. ట్యూషనుకెళ్లాలంటే బీచిరోడ్డు వైపు డౌను దిగాలి. వీధి చివర సైకిలు బాగుచేసే కుర్రాడు అలవాటు కొద్దీ ముందు ఇరుసుకు నూనె కొట్టాడు. పక్కనే ఉన్న డిస్కుకూ తగిలింది. మర్నాటి నుంచి బ్రేకు పడితే చాలు, ఒకటే అరుపు. హ్యాండిలు కూడా గడగడా వణకడం మొదలైంది. వారం తిరిగేసరికి ఆ అరుపు వినబడలేదు. బ్రేకు బాగై కాదు. పిల్ల దాన్ని పట్టడం మానేసింది!

కుడి చెప్పు అడుగు అరిగిపోవడం చూసి మా ఆవిడ నిలదీస్తే అప్పుడు బయటపడింది. “అందరూ నావైపే చూస్తున్నారు నాన్నా” అంది. వెనక బ్రేకుతో, చెప్పు నేలకు రాస్తూ అంత డౌనూ దిగుతోందట. నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే, ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. వెనక చక్రాన్ని గట్టిగా పట్టేస్తే అది జారిపోతుంది.

అసలు ఆ అరుపు ఎక్కడిది? డిస్కు అంటే సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం కూడా లేని ఉక్కు పళ్లెం. ప్యాడు దాన్ని సాఫీగా పట్టుకోవాలి. నూనె అంటినా, బిగింపులు వదులైనా, ప్యాడు వంకరగా తగిలినా అది పట్టి వదులుతూ, మళ్లీ పట్టి వదులుతూ పోతుంది. సెకనుకు వందలసార్లు అలా జరిగితే పళ్లెం జేగంటలా మోగుతుంది. ఆ వణుకే ఫోర్కు మీదుగా చేతుల్లోకి వస్తుంది.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. ముందు బిగింపులు చూశాం. డిస్కు బోల్టులు, బ్రేకు బోల్టులు, చువ్వలు, ఇరుసు... ఏది వదులుగా ఉన్నా వణుకు తప్పదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కును రెండు వైపులా తుడిచాం. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. తుడిచాక డిస్కు మీద వేలు పెట్టకూడదు. చేతి జిడ్డు చాలు, మళ్లీ మొదటికొస్తుంది. చక్రం తిరుగుతుండగా అసలే ముట్టుకోకూడదు, వేలు తెగుతుంది. ప్యాడ్లు పైపైన నున్నబడితే గరుకు కాగితం మీద రుద్దితే సరిపోతుంది. మావి నూనె పీల్చేశాయి, కొత్తవి వేయక తప్పలేదు.

మాది తీగ బ్రేకు. అందులో కదిలేది ఒక ప్యాడే. కదలనిదాన్ని డిస్కుకు కాగితమంత ఎడంలోకి తెచ్చాం. వెనకాల తెల్లకాగితం పెట్టి చూస్తే రెండు పక్కలా సందు తెలుస్తుంది. సరిచూసుకుని రెండు బోల్టులూ కాస్త ఇది, కాస్త అది బిగించాం.

అక్కడితో అయిపోలేదు. కొత్త ప్యాడ్లకు పట్టు వెంటనే రాదు. చదును నేల మీద వేగం అందుకుని, చక్రం పట్టేయకుండా నడక వేగానికి తగ్గించాలి. అలా ఓ ఇరవైసార్లు. ప్యాడు పదార్థం పల్చని పొరలా డిస్కుకు సమంగా అంటుకుంటుంది. మొదట మెత్తగా ఉన్న బ్రేకు, చివరికొచ్చేసరికి వేలు ఆనిస్తే చాలన్నట్టు పట్టింది.

వానలో తడిసినప్పుడు కాసేపు అరవడం మామూలే. ఆరగానే తగ్గుతుంది. తగ్గకపోతే మాత్రం ఊరుకోవద్దు. మీ ఇంట్లో సైకిలు తొక్కే పిల్లలుంటే ఒక పని చేయండి. బ్రేకు చప్పుడు వినడంతో సరిపెట్టకుండా, వాళ్ల చెప్పుల అడుగు కూడా ఓసారి తిప్పి చూడండి.