మన జట్టు, మా జట్టు

మన పత్రికలో పూర్వీకుల ఊళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిన ప్రయాణాల గురించి చాలామంది రాశారు. తిరుపతి యాత్రల గురించీ రాశారు. నేను ఒక క్రికెట్ మ్యాచ్ గురించి రాస్తున్నాను. పెద్దలు క్షమించాలి. నాది శనివారం మధ్యాహ్నాలు గుడి వెనక గదిలో కూర్చుని నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే సరిదిద్దుకుని చదవండి.

2024 అక్టోబరులో మా అమ్మాయి పురుటికి దుబాయి వెళ్ళాను. అమ్మాయి అక్కడ ఒక బడిలో టీచరు. నేను కూడా బడిపంతులమ్మనే కాబట్టి సెలవు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ మహిళల టీ20 ప్రపంచ కప్ జరుగుతోంది. అది బంగ్లాదేశ్‌లో జరగాల్సింది. అక్కడ అల్లర్లు జరగడంతో ఆగస్టులో ఎమిరేట్స్‌కు మార్చారు. అలా ప్రపంచ కప్పూ నా మనవరాలూ కొద్ది రోజుల తేడాతో దుబాయి చేరుకున్నారు.

అక్టోబరు 17న సెమీఫైనల్‌లో మా దక్షిణాఫ్రికా అమ్మాయిలు ఆస్ట్రేలియాను 8 వికెట్ల తేడాతో ఓడించారు. ఆనెకా బాష్ 74 పరుగులు చేసి చివరిదాకా నిలబడింది. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని టీవీలో చూశాను. అరవడానికి లేదు కదా, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది చూసి మా అల్లుడు, "అత్తయ్యా, ఆదివారం ఫైనల్‌కు మీకు టికెట్ కొంటాను, బిడ్డను నేను చూసుకుంటాను" అన్నాడు. పురిటింటిని వదిలి ఆటకు వెళ్ళడమేమిటని నేను ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మాయి మంచం మీద నుంచే, "తాతయ్య కోసమైనా వెళ్ళమ్మా" అంది.

తాతయ్య అంటే మా నాన్న. ఆయన సంగతి చెప్పకపోతే మిగిలిన కథ మీకు అర్థం కాదు.

నాన్న డర్బన్‌లో కర్రీస్ ఫౌంటెన్ మైదానంలో భారతీయుల లీగుల్లో ఆడేవారు. ఎంత బాగా ఆడినా దేశం తరఫున ఆడే వీలు లేదు, ఆ జట్టు తెల్లవారికే. కింగ్స్‌మీడ్ మైదానంలో టెస్ట్ చూడాలంటే తెల్లవారు కానివాళ్ళకు కేటాయించిన చోట కూర్చోవాలి. 1970 ఫిబ్రవరిలో, నేను పుట్టిన ఏడాది, ఆస్ట్రేలియా అక్కడ ఆడింది. గ్రేమ్ పొలాక్ 274 పరుగులు కొట్టాడు. దక్షిణాఫ్రికా ఇన్నింగ్స్ 129 పరుగుల తేడాతో గెలిచింది. నాన్నా ఆయన స్నేహితులూ అన్ని రోజులూ ఎండలో కూర్చుని ఆస్ట్రేలియాకే చప్పట్లు కొట్టారట. "చప్పట్లు కొట్టడానికి ఏమీ దొరక్క చేతులు దురద పెట్టాయి" అని నవ్వేవారు. కానీ జట్టు మార్చలేదు.

1992లో భారత జట్టు మొదటిసారి మా దేశం వచ్చింది. మొదటి టెస్ట్ కింగ్స్‌మీడ్‌లోనే. కెప్టెన్ హైదరాబాదు అజహరుద్దీన్. ఇప్పుడు ఎక్కడైనా కూర్చోవచ్చు. నాన్నా నేనూ వెళ్ళాం. అప్పుడు నాకు 22 ఏళ్ళు, టీచరు చదువు చదువుతున్నాను. కెప్లర్ వెసెల్స్ మా జట్టుకు శతకం కొట్టినప్పుడు నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. నాన్న నా ముఖం వైపు కాదు, నా చేతుల వైపు చూశారు. "ఈ దేశంలో ఇంకా అందరికీ ఓటు రాలేదు. చప్పట్లు అప్పుడే వచ్చేశాయా?" అన్నారు. తర్వాత ప్రవీణ్ ఆమ్రే తన మొదటి టెస్టులోనే శతకం కొట్టాడు. నాన్న లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో మాట్లాడుకోలేదు.

1994లో అందరికీ ఓటు వచ్చింది. నాన్న పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడ్డారు. క్రికెట్ విషయంలో మాత్రం మారలేదు. హషీమ్ ఆమ్లా, మన డర్బన్ కుర్రవాడు, దేశానికి ఆడుతున్నప్పుడు టీవీ ముందు నుంచి కదిలేవారు కాదు. అయినా జట్టును "వాళ్ళు" అనే అనేవారు. కన్నుమూసేదాకా ఆయన నోట "మన జట్టు" అన్న మాట నేను వినలేదు.

గుడి క్లాసులో గురువుగారు మాకు "మేము", "మనము" తేడా చెప్పిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో అలా కుదరదు, ఎదుటివాణ్ణి కలుపుకుంటే "మనం", బయట నిలబెడితే "మేము". నోరు తెరిచేముందే తేల్చుకోవాలి. ఆ రోజు ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మంచి భాష. అబద్ధం ఆడనివ్వదు" అన్నారు.

అక్టోబరు 20, ఆదివారం సాయంత్రం అల్లుడు నన్ను దుబాయి స్పోర్ట్స్ సిటీలోని స్టేడియం దగ్గర దింపి వెళ్ళాడు. పాతిక వేలమంది పట్టే స్టేడియం అది. దీపస్తంభాలు ఉండవు. పైకప్పు అంచు చుట్టూ దీపాలు వడ్డాణంలా బిగించారు. అన్ని వైపుల నుంచీ వెలుతురు పడటంతో ఆటగాళ్ళ కింద నీడ దాదాపు కనబడదు. పొద్దు గుంకినా ఉక్క తగ్గలేదు.

నా వరుసలో ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను మెట్ల దగ్గర తడబడుతుంటే అందులో పెద్దవాడు పక్కవాడితో, "జరుగురా, అమ్మకు తొవ్వియ్యి" అన్నాడు. "తొవ్వ" అన్న మాట నాకు మా పుస్తకాల్లో తగల్లేదు. కానీ అతడు జరిగి దారి ఇవ్వగానే అర్థమైంది. నేను గుడి తెలుగులో, "నాయనా, ఈ ఆసనం ఎవరిదైనా ఉన్నదా?" అని అడిగాను. ముగ్గురూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"అమ్మా, మీరు తెలుగోళ్ళా? గుళ్ళె అయ్యగారు మాట్లాడినట్టు మాట్లాడుతున్నరు. ఏ ఊరు?"

"డర్బన్."

"అదెక్కడ, గుంటూరు దిక్కా?"

"కాదు నాయనా, దక్షిణాఫ్రికా."

"ఆడ గూడ తెలుగోళ్ళున్నరా!"

వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. ముగ్గురూ కట్టుబడి పనివాళ్ళు. పెద్దవాడు సెంట్రింగ్ పని చేస్తాడు, వచ్చి 11 ఏళ్ళయిందట. ఆదివారం సెలవు. ఈ టోర్నీకి టికెట్లు 5 దిర్హమ్‌ల నుంచే పెట్టారు. ఇండియా ఫైనల్‌కు వస్తుందనుకుని ముందే కొనుక్కున్నారు. కానీ ఇండియా మొదటి మ్యాచ్‌లో న్యూజీలాండ్ చేతిలో 58 పరుగులతో, తర్వాత ఆస్ట్రేలియా చేతిలో 9 పరుగులతో ఓడి గ్రూపు దశలోనే వెళ్ళిపోయింది. "మన హైదరాబాదు పిల్ల అరుంధతి రెడ్డి పాకిస్తాన్ మీద మూడు వికెట్లు తీసింది. అదొక్కటి సూసినం. పైసలు పెట్టినం గద, ఇది గూడ సూద్దామని వచ్చినం" అన్నాడు చిన్నవాడు. తర్వాత, "మీ జట్టుల తెలుగామె ఉన్నదా?" అని అడిగాడు.

"సెష్నీ నాయుడు అని ఒకామె 15 మందిలో ఉంది. ఇవాళ ఆడటం లేదు."

"నాయుడా! అయితె మనామె. ఎందుకు ఆడిపిస్తలేరు?" అని నామీదే కోప్పడ్డాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

మా వాళ్ళు టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నారు. నాన్‌కులులేకో మ్లాబా బంతి అందుకున్నప్పుడు ఆమె మా డర్బన్ అమ్మాయి అని వాళ్ళకు చెప్పాను. జూలూలో "ఇన్‌కులులేకో" అంటే స్వేచ్ఛ అని కూడా చెప్పాను. ఆమె సుజీ బేట్స్‌ను అవుట్ చేయగానే పెద్దవాడు నాకంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. పక్క స్టాండులో ఆకుపచ్చ, పసుపు చొక్కాలు వేసుకున్న మా దేశస్థులు షోషొలోజా పాట ఎత్తుకున్నారు. అదేం పాట అని అడిగితే, గనుల్లో పనికి రైళ్ళలో వచ్చిన కూలీలు పాడుకున్న పాట అన్నాను. అతడు ఏమీ అనలేదు. కాసేపటికి తొడ మీద చేత్తో తాళం వేస్తున్నాడు.

న్యూజీలాండ్ 5 వికెట్లకు 158 చేసింది. విరామంలో వాళ్ళు చాయ్ తెచ్చారు. నన్ను డబ్బు ఇవ్వనివ్వలేదు. అప్పుడు అడిగాడు, మీవాళ్ళు ఆ దేశం ఎట్లా పోయారని.

మనవాళ్ళ కథ మీకందరికీ తెలిసిందే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేలమంది అలా వచ్చారు. మా ముత్తాత విశాఖపట్నం జిల్లా మనిషి. అయిదేళ్ళ గిరిమిట్. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. ఓడ పట్టీలో ఆయనకొక నంబరు ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఇదంతా చెప్తుంటే పెద్దవాడు తన మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డు తిప్పి చూపించాడు. పేరు కంటే నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది.

"మాది రెండేండ్ల ఒప్పందం. మల్ల మల్ల రాసుకుంట పదకొండేండ్లాయె. ఏజెంటుకు కట్టిన అప్పే మూడేండ్లు తీర్చిన" అని ఆగి, "మరి మీ ముత్తాత వాపస్ ఎందుకు రాలేదు?" అన్నాడు.

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎందుకు వెళ్ళారు అనే అందరూ అడుగుతారు.

నాకు తెలిసింది చెప్పాను. 1895లో నేటాల్ ప్రభుత్వం, గిరిమిట్ ముగిసినవాడు మళ్ళీ ఒప్పందం రాయకుండా దేశంలో ఉండిపోతే ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలని చట్టం చేసింది. అంటే పది షిల్లింగుల లెక్కన ఆరు నెలల జీతం. వెళ్ళిపొమ్మని పొగబెట్టడమే అది. 1913 సమ్మె తర్వాత 1914లో గానీ ఆ పన్ను పోలేదు. అంత పొగలోనూ మా ముత్తాత ఉండిపోయారు. మా అవ్వ చెప్పేది, ఆయన తిరుగు ప్రయాణం కోసం డబ్బు కూడబెట్టి, ఆ డబ్బుతో ఒక ఆవును కొన్నారట. ఆవు ఈనింది. దూడను వదిలి ఎలా వెళ్తారు? మళ్ళీ ఈనింది. ఇక ఊరి మాట ఎత్తలేదు.

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దవాడు, "ఆవును కట్టేసుకునే జాగ ఉండె మీకు. మేము ఈడ ఇరవై ఏండ్లు చేసినా కోడిపిల్లను గూడ సాదుకోలేము. ఒప్పందం అయిపోతె పొమ్మంటరు. నా బిడ్డ పదో తరగతి. నేను దగ్గరుండి సూసింది మొత్తం కలిపితె ఏడాది గూడ కాదు" అన్నాడు. ఫోనులో ఆ పిల్ల ఫోటో చూపించాడు. నేను మా మనవరాలి ఫోటో చూపించాను.

మా ఆట మొదలైంది. లారా వోల్‌వార్ట్, టాజ్‌మిన్ బ్రిట్స్ మొదటి వికెట్‌కు 51 పరుగులు చేశారు. ఇక గెలుస్తామనుకున్నాను. తర్వాత అమీలియా కెర్ ఒకే ఓవర్లో వోల్‌వార్ట్‌నూ బాష్‌నూ పంపించేసింది. అక్కడి నుంచి ఒక్కొక్కరే వచ్చి వెళ్ళారు. 9 వికెట్లకు 126. 32 పరుగుల తేడాతో ఓడిపోయాం. 2023లో కేప్‌టౌన్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడాం. 2024 జూన్‌లో మగవాళ్ళు బార్బడోస్‌లో ఇండియా చేతిలో 7 పరుగులతో ఓడారు. ఇప్పుడు ఇది. మైదానంలో మా పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. అవతల సోఫీ డివైన్, సుజీ బేట్స్ కూడా ఏడుస్తున్నారు. వాళ్ళు 2009, 2010 ఫైనల్స్‌లో ఓడినవాళ్ళు. వాళ్ళ ఏడుపు వేరు.

నేను లేవలేకపోయాను. నాన్న గుర్తుకొచ్చారు. 1992లో నేను చప్పట్లు కొట్టినందుకు ఆయన తప్పు పట్టారని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. ఆ రాత్రి మరొకటి తోచింది. ఆయనకు ఆ జట్టు మీద ప్రేమ లేక కాదు. ఆయన్ను కలుపుకోని జట్టును ఆయన "మన" అనలేకపోయారు. కలుపుకోవడం మొదలయ్యేసరికి నోటికి ఆ మాట అలవాటు తప్పింది. అబద్ధం ఆడనివ్వని భాష అని ఆయనే కదా అన్నారు.

పక్కన కూర్చున్న పెద్దవాడు నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, మైదానం వైపు చూస్తూ అన్నాడు:

"మనోళ్ళు ఓడిపోయిండ్రమ్మా."

ఏ పుస్తకమూ చదివి అన్న మాట కాదు. నేను ఏడుస్తున్నానని అన్నాడు, అంతే. నాకు మాత్రం నాన్న నోట వినాలనుకున్న మాట జగిత్యాల మనిషి నోట విన్నట్టయింది. వాళ్ళు నన్ను గేటు దాకా తీసుకొచ్చి, అల్లుడి కారు వచ్చేదాకా నాతోనే నిలబడి, తమ బస్సు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. తెల్లవారుజామునే మళ్ళీ పని.

డర్బన్ తిరిగి వచ్చాక శనివారం గుడి క్లాసులో "మేము", "మనము" పాఠం నా వంతు వచ్చింది. పిల్లలకు ఈ కథే చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు చెయ్యెత్తి, "టీచర్, అయితే ఆ అంకుల్ ఇండియా జట్టు మనిషా, మన జట్టు మనిషా?" అని అడిగాడు.

"ఆ రాత్రికి మన జట్టు" అన్నాను. పిల్లవాడు పలక మీద "మన" అని రాసుకున్నాడు. న పక్కన దీర్ఘం పడింది. సరిదిద్దాను.