వజ్రానికి వరం... పగడానికి శాపం!

తొలకరి చినుకు పడితే చాలు... అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం కనిపిస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, కర్నూలు, బళ్లారి వైపుల నుంచీ వస్తారు. సద్దిమూటలు కట్టుకుని, తల వంచుకుని ఎర్రమట్టిలో అడుగడుగూ వెతుకుతారు. వాన పైమట్టిని కడిగేస్తే దాని మాటున ఉన్న రాయి తళుక్కుమంటుందని ఆశ!

ఆ ఆశ ఉత్తిదేం కాదు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ భూమి లోతుల్లోంచి శిలాద్రవం పైకి తన్నుకొచ్చింది. వస్తూ వస్తూ అడుగున పుట్టిన వజ్రాలనూ మోసుకొచ్చింది. అలా గొట్టాల్లా గడ్డకట్టిన రాళ్లే కింబర్లైట్లు. యుగయుగాల వానలు వాటిని అరగదీసి వజ్రాలను చేలల్లో చల్లాయి.

వజ్రం సరే... కొట్టుకుపోయిన మట్టి సంగతేంటి? అది వంకల్లో, వాగుల్లో పడి పెన్నబాట పడుతుంది. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో పెన్నహోబిలం, సోమశిల లాంటి జలాశయాలు చాలా మట్టిని ఆపేస్తాయి. మిగిలింది సముద్రం పాలు.

అక్కడ మొదలవుతుంది మరో రత్నం కథ. పగడపు దిబ్బలను కట్టేది అతి చిన్న జీవులు. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. అది ఎండ సాయంతో వండే తిండే పగడజీవికి ప్రధాన ఆహారం. నీళ్లు బురదగా మారితే ఎండ లోపలికి దిగదు. అంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగనట్టే! పైగా మట్టి మీద పడితే పగడజీవి జిగురు వదిలి దాన్ని తోసేస్తుంది. ఆ పనికే ఒంట్లో శక్తంతా ఖర్చవుతుంది. పిల్ల పగడాలు అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. దాని మీద బురద పేరుకుంటే వాటికి చోటే ఉండదు. మట్టితోపాటు ఎరువులూ వచ్చి చేరితే సముద్రపు నాచు విపరీతంగా పెరిగి పగడాలను కమ్మేస్తుంది.

ఇంత పొడవైన తీరం ఉన్నా మనకు చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. గోదావరి, కృష్ణ, పైన గంగ, బ్రహ్మపుత్ర... ఇవన్నీ తెచ్చే మంచినీళ్లూ ఒండ్రూ పగడాలకు గిట్టవు. అందుకే వాటిని చూడాలంటే మన్నారు సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోవాలి. కచ్ సింధుశాఖలో నీళ్లు బురదగానే ఉన్నా కొన్ని రకాలు తట్టుకుని బతుకుతున్నాయి. అయితే అవి ఎక్కువగా బండల్లాంటి మొండి రకాలు. కొమ్మల్లా విరబూసే సుకుమారమైన పగడాలు అక్కడ నిలవలేకపోయాయి.

అన్నట్టు, ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరు. అది ప్రధానంగా మధ్యధరా సముద్రంలో మసక వెలుతురులో పెరిగేది. దానికి ఎండతో పనిలేదు. మన దిబ్బల పగడాలను మాత్రం 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని తవ్వడం, అమ్మడం నేరం.

చట్టం గునపాన్ని ఆపగలదు. బురదను ఆపేది ఎవరు? సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రైతే! వేరుశనగ విత్తే ముందు చేను బోసిగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే తొలివాన దబదబా కొడుతుంది. వాలుకు అడ్డంగా గట్టు వేసినా, చేలో కుంట తవ్వినా, గట్ల మీద చెట్లు పెంచినా నీరు నిలుస్తుంది, మట్టి మిగులుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంత రైతుకు ఇది పగడాల మీద దయ కాదు, తన బతుకుతెరువు.

వజ్రకరూరులో వజ్రం ఏ ఒక్కరికో దొరుకుతుంది. వేలెడు పైమట్టి నిలిస్తే మాత్రం ఊరందరికీ తిండి దొరుకుతుంది. అసలు రత్నం ఏదంటారు?